పెన్సిల్‌తో నడిచిన నలభై అడుగులు

మా బావ ఎవరింటికి వెళ్లినా ముందు మనుషుల్ని చూడడు. ఇంటి పక్కకి వెళ్లి, డాబా మీది వాన నీళ్ల గొట్టం ఎక్కడ దిగింది, దిగిన నీళ్లు ఎటు పోతున్నాయి అని ఓ పరామర్శ చేసి, అప్పుడు గుమ్మంలోకి వచ్చి "అందరూ బాగున్నారా?" అంటాడు. తెలియనివాళ్లు దొంగతనానికి దారి వెతుకుతున్నాడనుకుంటారు. తెలిసినవాళ్లు "మా ఇంటికి ఎన్నాకులిస్తారు?" అని అడుగుతారు.

ఆకుల సంగతి చెప్పాలి. ఊరి చివర ఖాళీ నేల తీసుకుని, రోడ్లు వేసి, ప్లాట్లుగా కోసి అమ్మేవాళ్లుంటారు కదా. అలాంటి కొత్త లేఅవుట్ నేలకీ, నీళ్లకీ, చెట్లకీ ఎంత తక్కువ చెరుపు చేసిందో చూసి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ ఒకటుంది. అందులో మా బావ పరిశీలకుడు. ఉన్న చెట్లలో ఎన్నిటిని బతకనిచ్చారు? పైమట్టిని తీసి పారబోశారా, ఓ పక్కన దాచి మళ్లీ పరిచారా? వాన నీరు తన దారిన తాను పోతోందా? ఇలా నూటికి మార్కులు వేస్తారు. మార్కుల్ని బట్టి ఒక ఆకు, రెండాకులు, మూడాకులు. మూడాకులొస్తే గేటు పక్కన పచ్చబోర్డు పెట్టుకోవచ్చు. వ్యాపారం మూడు పువ్వులు ఆరు కాయలుగా సాగాలంటారే, ఈ వ్యాపారానికి పువ్వులూ కాయలూ అక్కర్లేదు, మూడాకులు చాలు.

మా అక్కని చేసుకున్నాక మా బావకి ఈ ఆకుల జబ్బు ఇంట్లోకీ వచ్చింది. అక్క కూర వండితే రుచి చూసి "రెండాకులు" అంటాడు. "మూడో ఆకు కావాలంటే రేపు మీరే వండుకోండి" అంటుంది అక్క. మర్నాడు ఆయనే వండుతాడు. తిన్నాక ఎవరూ ఆకుల మాటెత్తరు.

ఇంత వేళాకోళం చేస్తున్నాను గానీ, పని దగ్గర మా బావ నిప్పు. ఆ పనిలో చుట్టునడక అని ఒకటుంది. లేఅవుట్ హద్దు మొత్తం పరిశీలకుడు తన కాళ్లతో నడవాలి. కారులోంచి చూడకూడదు, ఎవరినో పంపకూడదు. అదీ వాన వెలిసిన రెండు రోజుల్లోపు. చేతిలో అట్టకి బిగించిన మ్యాపు, ఎర్ర పెన్సిలు. మధ్యమధ్య ఆగి నడిచినంత మేర గీత గీసి, ఒక్కో మూల దగ్గర పొట్టి సంతకం పెట్టాలి. నాలుగు మూలలూ అయ్యాక ఫారంలో గడులు నింపాలి. ఒకసారి కుక్క తరుముకొచ్చి పది అడుగులు వదిలేశాడని మర్నాడు రెండు బస్సులు మారి వెళ్లి, ఆ పది అడుగులూ నడిచొచ్చిన మనిషి మా బావ. "కుక్క ఏమంది?" అని అడిగితే "నన్ను గుర్తుపట్టింది" అన్నాడు.

అలాంటి మనిషి ఒక్కసారి నలభై అడుగులు వదిలేశాడు. ఆ ఒక్కసారీ పక్కనున్నది నేనే.

నాలుగున్నరేళ్ల కిందటి మాట. ఆఫీసు జీపు చెడిపోయింది. వాన వెలిసి అప్పటికే రెండో రోజు. ఇవాళ నడవకపోతే గడువు దాటిపోతుంది. "కాస్త కారు తియ్యరా" అని మా బావ ఫోన్ చేశాడు. తీశాను. అయితే పదకొండున్నరకల్లా నేను వెనక్కి రావాలన్నాను. ఎందుకన్నాడు. పన్ను నొప్పి, డాక్టరు టైమిచ్చాడు అన్నాను.

పన్నూ లేదు, నొప్పీ లేదు. మర్నాడు మా కంపెనీలో అందరికీ ఫొటో తీస్తున్నారు. నాకు నలభై ఏడు నిండి, చెవుల పక్కన తెల్లదనం దాచినా దాగడం లేదు. సెలూన్‌లో రంగు వేయించుకోవడానికి టైము తీసుకున్నాను. ఈ ముక్క మా బావకి చెబితే ఏడాదిపాటు నా తలకి ఆకులు లెక్కపెడతాడని పన్ను మీద పెట్టాను.

ఆ స్థలం పద్నాలుగెకరాలు. మా బావ మూడు వైపులా తిరిగి, నాలుగో వైపు దాదాపు చివరిదాకా వచ్చాడు. నేను గేటు దగ్గర కారులో కూర్చుని గడియారం చూస్తున్నాను. దూరంగా ఆయన ఆగాడు. ముందు పల్లం, అందులో నడుమెత్తు జమ్ము. జమ్ము అంటే తెలుసుగా, నీళ్లు నిలిచే చోటే పెరిగే గడ్డి. ఎండాకాలంలో నేల బీటలు వారినా జమ్ము ఉందంటే కింద నీరుందని గుర్తు. మామూలువాళ్లు దాన్ని చూసి గడ్డి అనుకుంటారు. మా బావ మామూలువాడు కాదు. ప్యాంటు పైకి మడుచుకుంటున్నాడు, దిగుదామని.

నేను హారన్ కొట్టాను.

ఆయన తలెత్తి చెయ్యి ఊపాడు. నేను మళ్లీ కొట్టాను. మూడోసారి కొట్టి, కిటికీలోంచి దవడ పట్టుకుని చూపించాను. నటన అంటే అదీ. మా బావ ఒకసారి జమ్ము వైపు, ఒకసారి నా దవడ వైపు చూసి, ప్యాంటు మడతలు దించుకుని గబగబా వచ్చేశాడు.

"చాలా నొప్పిగా ఉందా? పద, పద. ఆ మూల సాయంత్రం మళ్లీ వచ్చి చూస్తాలే."

బావ బతుకు కోరేవాడు బావమరిది అంటారు. నేను కోరింది నల్లజుట్టు.

సాయంత్రానికి మళ్లీ వాన పట్టుకుంది. మర్నాడు వేరే ఊళ్లో పని తగిలింది. మూడో రోజు ఆఫీసులో "ఆ మ్యాపు ఇంకా రాలేదేం?" అని అడిగారు. మా బావ మ్యాపు బల్ల మీద పరిచాడు. చివరి మూల దగ్గర నలభై అడుగుల మేర గీత లేదు. మిగతా పద్నాలుగెకరాలూ బ్రహ్మాండంగా ఉన్నాయి. చెట్లు ఉంచారు, మట్టి దాచారు. కాలితో నడవాల్సిన ఆ నలభై అడుగులూ మా బావ పెన్సిల్‌తో నడిచాడు. మూల దగ్గర సంతకం పెట్టాడు. "నీరు నిలిచే చోటు" అన్న గడిలో "లేదు" అని రాశాడు.

ఉంది అని రాసుంటే ఆ పల్లాన్ని అలాగే వదిలి, ఇళ్లని దూరంగా జరిపేవారు. లేదు అని రాశాడు కనక బిల్డరు లారీలతో మట్టి తోలి, చదును చేసి, అరవై ఒకటి నుంచి అరవై నాలుగు దాకా నాలుగు ప్లాట్లు వేశాడు. లేఅవుట్‌కి మూడాకులు వచ్చాయి.

ఏడాది గడిచింది. ఒక ఆదివారం మధ్యాహ్నం మా చెల్లి అక్క వాళ్లింటికి వచ్చింది. మా చెల్లి టైలరు. భర్త ఓడ మీద పనిచేస్తాడు, ఏడాదికో నెల కనిపిస్తాడు. అద్దె ఇంటి వరండాలో మిషను పెట్టుకుని, వాన జల్లు కొడితే కుట్టే బట్టని పొట్టకి హత్తుకుని లోపలికి పరిగెత్తుతూ పదిహేనేళ్లు గడిపింది. కుట్టుకోవడానికి తడవని గది ఒకటి కావాలన్నది దాని కోరిక. ఆ రోజు కాళ్లు నేల మీద ఆనడం లేదు.

"బావగారూ, మీకొకటి చెప్పాలి. ముందు కూర్చోండి."

"కూర్చునే ఉన్నానమ్మా."

"అయితే లేవకండి. ప్లాటు కొన్నాను. మీ మూడాకుల లేఅవుట్‌లో! మిమ్మల్నడిగితే వంద ప్రశ్నలేస్తారని అడగలేదు. మీ సంతకం ఉందిగా, ఇంకెందుకు అడగడం అనుకున్నా."

మా బావ చేతిలో టీ కప్పు ఉంది. "ఏ ప్లాటు?" అన్నాడు.

"అరవై మూడు. మూల పక్కన. నిశ్శబ్దంగా ఉంటుంది, మిషను పెట్టుకోవడానికి వెనక గది. ఒకవేళ అది గానీ మునిగిందా, బీరువాతో సహా మీ ఇంటికే వచ్చేస్తా. చెప్పలేదనకండి."

అందరం నవ్వాం. మా బావ కూడా నవ్వాడు గానీ ఆ నవ్వు పళ్ల దాకా వచ్చి ఆగిపోయింది. కప్పులోకే చూస్తూ కూర్చున్నాడు. అక్క "ఏమిటీ, మరదలు మీకు చెప్పకుండా కొందని అలిగారా?" అంది. "లేదు లేదు, మంచి పని చేసింది" అన్నాడు. అప్పటికే పునాది కూడా తీయించిందట. నాకప్పుడేమీ తెలియదు. ప్లాటు నంబరు వింటే ఏ మూలో తెలిసే విద్య నాకు లేదు.

ఆ తర్వాత మా బావ ఆ ఫైలు రెండుసార్లు తీసి, రెండుసార్లూ మూశాడట. ఎవరైనా ఒకటి చెయ్యలేకపోతే దానికి కారణాలు బాగా దొరుకుతాయి. దూరం నుంచి చూశాను కదా, మామూలు గడ్డేనేమో. మట్టి బాగా పోశారు కదా, ఏమీ కాదేమో. ఇల్లు లేచాక చెప్పి ఏం లాభం, దాని సంతోషం చెడగొట్టడం తప్ప. ఇవన్నీ ఆయన తర్వాత నాకు ఒక్కొక్కటే చెప్పాడు, పాత బట్టల మూట విప్పినట్టు.

మా చెల్లి ఆ ఇంట్లో చేరాక కొత్త తతంగం మొదలైంది. వాన పడడం ఆలస్యం, మా బావ గొడుగేసుకుని మరదలింటికి బయల్దేరేవాడు. వట్టి చేతులతో వెళ్తే అనుమానమని ఏదో ఒకటి పట్టుకెళ్లేవాడు. ఓసారి బల్బు, ఓసారి మేకులు, ఓసారి ఎవరూ అడగని తలుపు గొళ్లెం. ఇంట్లోకి వెళ్లి గోడల్ని నిమిరేవాడు. ఒకసారి హాల్లో బోర్లా పడుకుని, గోడ అడుగున సున్నానికి చెంప ఆనించి ఉండగా మా చెల్లి చూసింది.

"బావగారూ, పడ్డారా?"

"లేదమ్మా. ఇక్కడొక అర పెడితే ఎలా ఉంటుందా అని."

"నేల మీద అరేమిటండీ?"

"చెప్పులకి."

మా చెల్లి నాకు ఫోన్ చేసి, "అన్నయ్యా, బావగారికి ఏమైనా అయిందా? గోడలతో మాట్లాడుతున్నారు" అంది. వయసు మీద పడుతోంది, పోనీలే అన్నాను. నా వయసు సంగతి రంగు కింద భద్రంగా ఉంది.

హాలు గోడలు పొడిగా ఉండేవి. ముందు గది పొడిగా ఉండేది. వెనక కుట్టుగదిలోకి వెళ్లబోతే మాత్రం మా చెల్లి అడ్డొచ్చేది. "అక్కడంతా గుడ్డపేలికలు, సూదులు. కాలిలో గుచ్చుకుంటాయి, వద్దు బావగారూ." ఆయన ఆగిపోయేవాడు. ఆగమన్నందుకు లోపల్లోపల సంతోషించేవాడినని తర్వాత ఒప్పుకున్నాడు.

కిందటేడు వానాకాలం చివర రెండో పరిశీలన వచ్చింది. ఇళ్లు కట్టి మనుషులు చేరాక, ఇచ్చిన ఆకులు ఉంచాలా తీసేయాలా అని మళ్లీ చుట్టునడక చేస్తారు. మొదట నడిచినవాడే మళ్లీ నడవాలని వాళ్ల నియమం. ముందు చూసినవాడికే మారింది కనపడుతుందని. మా బావ సెలవు పెడదామా అనుకున్నాడట. పెట్టలేదు. నాకు ఫోన్ చేశాడు.

"కారు తీస్తావా?"

"జీపు మళ్లీ చెడిందా?"

"బాగానే ఉంది. నువ్వు రా."

వెళ్లాను. నిన్నటిదాకా వాన. రోడ్లు కడిగినట్టున్నాయి, గేటు దగ్గర పచ్చబోర్డు మెరుస్తోంది. ఈసారి నేను కారులో కూర్చోలేదు, వెనకాలే నడిచాను. మూడు వైపులూ ఆయన మామూలుగానే నడిచాడు. నాలుగో వైపు చివరికి వచ్చేసరికి అడుగులు చిన్నవయ్యాయి. నోట్లో లెక్కపెడుతున్నాడు. పది దాటాక నేల మెత్తబడింది. ఇరవై దాటాక నా చెప్పు మట్టిలో ఉండిపోయి కాలు ఒక్కటే పైకొచ్చింది. ముప్ఫై దగ్గర ప్రహరీ గోడ కింద, సిమెంటు పగులులోంచి, జానెడెత్తు జమ్ము మొలకలు. బలంగా, పచ్చగా ఉన్నాయి, ఎవరో వాటికి మూడాకులిచ్చినట్టు.

నలభయ్యో అడుగు మా చెల్లి ఇంటి వెనక గోడ దగ్గర పడింది.

మా బావ మ్యాపు మీద గీత గీయలేదు. చుట్టూ తిరిగి వెళ్లి తలుపు కొట్టాడు.

"రండి రండి! టీ పెట్టనా?" అంటూనే మా చెల్లి గబుక్కున వెనక్కి పరిగెత్తింది. లోపల్నించి ఏదో బరువైనది ఈడ్చిన చప్పుడు. మా బావ చెప్పులు కూడా విడవకుండా ఆ గదిలోకి నడిచాడు. మా చెల్లి బీరువాని భుజంతో గోడకేసి నెడుతోంది.

"అమ్మా, అది జరుపు."

"ఎందుకండీ, బాగానే ఉందిగా."

"జరుపు."

ముగ్గురం పట్టి జరిపాం. బీరువా వెనక గోడ నడుమెత్తు దాకా నల్లబడి ఉంది. సున్నం పొలుసులుగా లేచింది. కింద వరసలో పెట్టిన బట్టల కట్టలకి ప్లాస్టిక్ సంచులు చుట్టి ఉన్నాయి. గదంతా ఆరని బట్ట వాసన.

మా చెల్లి చీపురుతో పొలుసులు ఊడుస్తూ, తప్పు తనదైనట్టు చెప్పుకొచ్చింది. "మొదటి వానకే వచ్చింది. వెలుతురు కోసమని మీతో చెప్పి మిషను ముందు గదిలోకి మార్చా. మీకు చెబితే బాధపడతారని... మీ పేరు చూసి కొన్నానని అందరికీ చెప్పుకున్నానుగా. వానొచ్చినప్పుడల్లా మీరొస్తారు, మీరొచ్చినప్పుడల్లా నేను బీరువా జరుపుతా. నా నడుం పోయింది బావగారూ. ఆ బిల్డరు మిమ్మల్ని ఎంత మోసం చేశాడో చూడండి."

వానవానకీ ఆయన దాచుకుంటూ వచ్చాడు, ఆమె దాచుకుంటూ కూర్చుంది. మధ్యలో నీరు మాత్రం తన పని తాను చేసుకుపోయింది. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అన్నారు. ఈ గదిలో నిజం నాకూ కొంత తెలుసు. అప్పుడే నాకు అర్థమైంది, ఇది ఏ మూలో.

"బిల్డరు మోసం చేయలేదమ్మా," అన్నాడు మా బావ. "చేశాడేమో, అది వేరే. ముందు చేసింది నేను. ఈ మూల నేను నడవలేదు. జమ్ము దూరం నుంచి చూశాను. ఆఫీసులో కూర్చుని గీత గీశాను."

మా చెల్లి చీపురు ఆగింది. "ఎంత దూరం నడవలేదు?"

"నలభై అడుగులు."

"నలభై అడుగులంటే... మా గేటు నుంచి ఎదురు దుకాణం దాకా కూడా ఉండదు."

"ఉండదు."

"జాకెట్టుకి ఒక చెయ్యి అరంగుళం పొట్టి చేశానని అక్క ఆర్నెల్లు దెప్పింది. తప్పు నాదే. విప్పి మళ్లీ కుట్టిచ్చాను. ఇల్లు విప్పి కుట్టడం ఎలాగో చెప్పండి బావగారూ, కుడతాను."

నేను తేలు కుట్టిన దొంగలా బీరువా పక్కన నిలబడ్డాను. ఇప్పుడు చెప్పాలి, హారన్ కొట్టింది నేనే అని. నోరు తెరిచాను. మా బావ నా వైపు చూడనైనా చూడకుండా, "తొందరపడింది నేను. ఎవరూ తొందరపెట్టలేదు" అన్నాడు. నేను నోరు మూసుకున్నాను. నా బతుకులో నేను మూసుకున్న నోళ్లన్నిట్లోకీ అదే బరువైనది.

"ఇప్పుడు ఫారంలో రాయమంటావా?" అని అడిగాడాయన. "రాస్తే లేఅవుట్‌కి ఆకు పోతుంది. ఈ నూట పది ఇళ్లవాళ్లూ నిన్ను అడుగుతారు. నీటికి దారి వదలమంటే ఈ గది కొట్టేయాల్సి రావచ్చు. రాయకపోతే..."

"రాయకపోతే ఈ గోడా, పక్క రెండిళ్ల గోడలూ నానుతూ ఉంటాయి. మీ ఉద్యోగం మీకుంటుంది. అంతేగా?"

"అంతే."

"అప్పుడు నన్నడిగి రాశారా? ఇప్పుడెందుకు అడగడం?" అని మా చెల్లి వంటింట్లోకి వెళ్లిపోయింది. టీ రాలేదు.

కారులో సగం దారి వచ్చాం. నేనే ఉండబట్టలేక, "బావా, ఆ రోజు నాకు పన్ను నొప్పి లేదు" అన్నాను.

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"రెండు రోజుల తర్వాత నీ చెవి మీద నల్ల మరక చూశాను. పళ్ల డాక్టరు చెవికి రంగెందుకు వేస్తాడు?"

"నాలుగేళ్ల నుంచి తెలిసీ ఒక్క మాట అనలేదేం?"

"అంటే నా తప్పులో సగం నీకిచ్చినట్టుంటుంది. నాకే సరిపోయేలా ఉంది."

"నా సంగతి కూడా రాయి బావా. నేను తొందరపెట్టానని."

"ఫారంలో డ్రైవరుకి గడి లేదురా," అన్నాడు.

ఆ సాయంత్రమే ఆయన ఫారం నింపాడు. "నీరు నిలిచే చోటు: ఉంది. నాలుగేళ్ల కిందటా ఉంది. అప్పుడు ఈ చివరి నలభై అడుగులు నేను నడవకుండా సంతకం పెట్టాను." వాళ్ల పెద్ద మేడమ్ చదివి, తలుపు వేయించి, నెమ్మదిగా చెప్పిందట. మంచావిడ, చెడ్డ ఉద్దేశంతో కాదు. "ఇంత ఎందుకండీ? మట్టి పోశాక నీరు దారి మార్చుకుందని రాస్తే సరిపోతుందిగా. అందరూ మర్యాదగా బయటపడతారు."

"నీటి మీద నింద వేయలేను మేడమ్" అన్నాడట మా బావ.

లేఅవుట్‌కి ఒక ఆకు పోయింది. గేటు దగ్గర బోర్డు మార్చిన రోజున జనం మా చెల్లి ఇంటికి వచ్చారు. "మీ బావగారేనటగా?" అని ఒకరు, "ఇంట్లోవాళ్ల మీదే రాసుకునే మనిషి ఉంటాడా?" అని ఒకరు. పక్కింటి రిటైర్డు మాస్టారు మాత్రం, తన గోడ కూడా చెమ్మేనని, ఇన్నాళ్లూ కొళాయి కారుతోందనుకుని ప్లంబర్‌ని తిట్టానని, వాడికి క్షమాపణ చెప్పాలని వెళ్లిపోయాడు.

సంస్థ ఏం తేల్చిందంటే, ఇంకా ఇల్లు కట్టని అరవై నాలుగో ప్లాటుని బిల్డరు మళ్లీ పల్లంగా తవ్వించాలి, పైనుంచి వచ్చే నీటికి అక్కడిదాకా దారి తీయించాలి. ఆ దారిలోకి మా చెల్లి వెనక గది వచ్చింది. కొట్టేశారు. తడవని గది కోసం పదిహేనేళ్లు చూసిన మనిషి, గునపం పోటు పడుతున్నంతసేపూ ముందు గదిలో మిషను తొక్కుతూనే ఉందిట. ఏం కుడుతున్నావే అని అక్క అడిగితే, "ఏమీ లేదు, దారం ఎక్కించలేదు" అందిట.

నేను వారం తర్వాత వెళ్లి హారన్ సంగతి, పన్ను సంగతి, రంగు సంగతి అన్నీ చెప్పాను. మా చెల్లి నా తల వైపు చాలాసేపు చూసింది. "ఆ రంగు నీకు నప్పలేదు కూడా" అంది. అంతే. నాతో ఆ మాటైనా అంది. మా బావతో మాత్రం మాట మానేసింది. అక్క ఇంటికి వచ్చినా ఆయన లేనప్పుడు చూసుకునే వచ్చేది.

మా బావని రెండేళ్లపాటు నడక నుంచి తప్పించి బల్ల ముందు కూర్చోబెట్టారు. ఇతరులు నడిచి తెచ్చిన మ్యాపులు సరిచూడడం ఇప్పుడాయన పని. ఒకరోజు నేను వెళ్తే ఒక మ్యాపు నా ముందుకు జరిపాడు. "చూడు, నడుస్తూ ఆగి ఆగి గీసిన గీత వణుకుతుంది. చేతిలో అట్ట కదులుతుంది, కాలి కింద రాయి తగులుతుంది. బల్ల మీద గీసింది తిన్నగా ఉంటుంది. నాది కూడా తిన్నగానే ఉంది. అప్పుడు ఎవరూ చూడలేదు." అని ఫోన్ తీసి, ఎవరో కొత్త పరిశీలకుడికి కలిపాడు. "నాన్నా, నీ గీత ఉత్తరం వైపు చివర మరీ తిన్నగా ఉంది. అక్కడేముంది?" అవతలివాడు నసిగాడు. "పర్వాలేదు. రేపు వెళ్లి నడిచిరా. నేను ఎవరికీ చెప్పను, నువ్వు నడువు" అని పెట్టేశాడు.

వానలు మళ్లీ వచ్చాయి. ఇప్పుడు గొడుగేసుకుని మరదలింటికి వెళ్లే వీలు లేదు. కిటికీ దగ్గర నిలబడి, పడే వానని చూసి, అటూ ఇటూ తిరిగేవాడట. "కాలు గాలిన పిల్లిలా ఏమిటది, వెళ్లిరారాదూ" అని అక్క అంటే, "పిలవలేదుగా" అనేవాడట. అక్క నాకు చెప్పి బాధపడింది.

మొన్న ఉదయం నేను వాళ్లింట్లోనే ఉన్నాను. ముందు రోజంతా వాన. మా బావ ఫోన్ మోగింది. చెల్లి పేరు చూసి తీయడానికి భయపడి, నా చేతికివ్వబోయాడు. నేను తీసుకోలేదు. తీశాడు. అవతల మా చెల్లి గొంతు గది మొత్తానికి వినపడుతోంది.

"బావగారూ! మీరు తవ్వించిన పల్లం నిండింది. గోడలు పొడిగా ఉన్నాయి, దాని గురించి కాదు నేను ఫోన్ చేసింది. కప్పలండీ! ఎక్కణ్నించి వచ్చాయో వందల కప్పలు! పొద్దున్నుంచీ బెకబెకమని ఒకటే గోల. మిషను చప్పుడు నాకే వినపడడం లేదు. ఈ కప్పల గురించి మీ ఫారంలో ఏ గడిలో రాశారు? వీటికి ఏమైనా మార్కులుంటే ముందు తీసేయండి!"

మా బావ ఏదో చెప్పబోయాడు. ఆమె చెప్పనివ్వలేదు. ఏడు నెలలు దాచుకున్న తిట్లు, కప్పల్ని అడ్డం పెట్టుకుని ఒక్కొక్కటే బయటికొస్తున్నాయి. కప్పల నుంచి కొట్టేసిన గదికి వచ్చింది, గది నుంచి నలభై అడుగులకి వచ్చింది, నలభై అడుగుల నుంచి నా జుట్టుకి కూడా వచ్చింది. మా బావ ఒక్కో మాటకీ ఊఁ అంటూ, ఫోన్ చెవికి ఇంకొంచెం దగ్గరగా పెట్టుకుని, నిలబడే విన్నాడు. అక్క కుర్చీ జరిపింది. ఆయన కూర్చోలేదు.